‘ఏం మందు పెట్టిండ్రు?’

“బూందీ వాళ్ల అమ్మేనా?” అని ఫోన్‌లో ఎవరో పెద్దాయన అడిగారు. బూందీ మా కుక్క. అది పోయి చాలా ఏళ్లయింది. అయినా అవునన్నాను. “మీ డాక్టరమ్మ పోయిందమ్మా. పొద్దున గుండె ఆగింది,” అన్నారు. ఆయన ఆవిడ భర్త. ఆవిడ ఫోన్‌లో మనుషుల పేర్లు లేవట, అన్నీ కుక్కల పేర్లేనట. ఎవరికి కబురు చెప్పాలో తెలియక ఒక్కో కుక్కకీ ఫోన్ చేస్తున్నారాయన. నాకు ముందు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది.

చందానగర్ మార్కెట్ వెనక సందులో ఆవిడ క్లినిక్. హైటెక్ సిటీలో ఉద్యోగాలు చేసే మాలాంటివాళ్లం శనివారం రాగానే కుక్కల్ని వెంటబెట్టుకుని అక్కడ వాలేవాళ్లం. నమస్కారం పెట్టినా ఆవిడ పట్టించుకునేవారు కాదు. కుక్కని బల్ల ఎక్కించగానే ఒకటే ప్రశ్న. “ఏం మందు పెట్టిండ్రు?” ఏమీ లేదంటే నమ్మేవారు కాదు. “నేనేం ఇయ్యాల్నో తర్వాత చూస్త. మీరేం ఇచ్చిండ్రో ముందుగాల చెప్పుండ్రి.”

ఒకాయన తన కుక్కకి లివర్ పాడైందంటే పకపకా నవ్వాడు. “మావాడెప్పుడు మందు కొట్టాడు మేడమ్?”

“కొట్టిండు. పోసింది నువ్వే,” అన్నారావిడ. తీరా చూస్తే, ఆయన తన నడుం నొప్పి బిళ్లలే దానికీ వేస్తున్నాడు. మనకి పడే నొప్పి బిళ్ల కుక్కకి విషం కావచ్చని, కుక్కల మందైనా రక్తపరీక్ష చేయించకుండా నెలల తరబడి వాడొద్దని అందరికీ గొంతు పోయేలా చెప్పేవారు. నేనోసారి గొప్పకి ‘కాలేయం’ అంటే, “అది పుస్తకంల ఉంటది. కుక్క కడుపుల ఉండేది కార్జం,” అని వెక్కిరించారు.

తెలంగాణ ఉద్యమం ముమ్మరంగా సాగుతున్న రోజులవి. బంద్ అంటే చాలు, ఆవిడ షటర్ దించేసి రోడ్డెక్కేవారు. మాదేమో కృష్ణా జిల్లా. నోరు విప్పితే యాస పట్టేస్తారని మా అత్తగారికి హడలు. కూరగాయల బండి దగ్గర కూడా వేలితో చూపించే కొనేవారు. నిజానికి ఆవిణ్ణి ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. భయానికి కారణం కావాలా ఏమిటి!

అలాంటి ఒక బంద్ నాడు బూందీ పూర్తిగా నీరుకారిపోయింది. అంతకు ముందే తిండి మానేసింది, వాంతులు. మావారు ఊళ్లో లేరు, ఆటోలు లేవు, డాక్టరమ్మ ఫోన్ ఎత్తడం లేదు. హైవే మీద పొయ్యిలు పెట్టి ఉద్యమంవాళ్లు వంటావార్పు చేస్తున్నారు, అక్కడే ఉంటారని పక్కింటివాళ్లు చెప్పారు. అత్తగారూ నేనూ దాన్ని నడిపించుకుంటూ బయల్దేరాం. పొయ్యిల దాకా ఎలాగో వచ్చి కూలబడింది.

డాక్టరమ్మ పులిహోర కలుపుతున్నారు. గరిటె పక్కన పడేసి, చేయి తుడుచుకుని, బూందీ పెదవి పైకెత్తి ఎండలో చూశారు. “చిగుళ్లు పచ్చగైనయి. ట్యూబ్‌లైటు కింద గిది కనవడదు, ఎండల చూడాలె. కామెర్లు. ఏం మందు పెట్టిండ్రు?”

“ఏమీ పెట్టలేదండీ,” అన్నాను. నాకు తెలిసింది అంతే. అత్తగారు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. డాక్టరమ్మ ఆవిడ వైపు ఒకసారి చూసి, “నువ్వు పోయి జర నీళ్లు పట్కరా బిడ్డా,” అని నన్ను పంపేశారు.

నేను తిరిగొచ్చేసరికి ఆవిడ అత్తగారి భుజం మీద చెయ్యేసి చెప్తున్నారు. “పగోళ్లు ఎవ్వరు పెట్టరు అక్కా. ప్రేమున్నోళ్లే పెడ్తరు. ఏం బిళ్లనో తెలిస్తే జల్ది పని చేస్త. తెల్వకపోతే కుక్క దక్కదు.”

అత్తగారు బావురుమన్నారు. “కుంటుతోందండీ పాపం. నా మోకాళ్లకి వేసుకునే బిళ్లేనండీ. పెరుగన్నంలో కలిపి రోజూ పెట్టాను. నాకు తగ్గింది కదా, దానికీ తగ్గుతుందనుకున్నాను.”

డాక్టరమ్మ లేచి కుర్రాళ్లని కేకేశారు. “ఏయ్, ఆ బ్యానర్ ఇటియ్యుండ్రి!”

“మేడమ్, మన మీటింగు...” అని నసిగాడొకడు.

“తెలంగాణ ఎట్లైన వస్తది. కుక్క పోతే మళ్ల రాదు. పట్టుండ్రి!”

బూందీ బతికింది. సెలైన్లూ ఇంజెక్షన్లూ రక్తపరీక్షలతో ఆ నెలంతా గడిచింది. ఆ తర్వాత కుంటుకుంటూనే కొన్నేళ్లు మా సోఫాలన్నీ పాడుచేసింది. ఆ ఏళ్లన్నీ డాక్టరమ్మ మాకిచ్చినవే.

నిన్న ఆయన ఫోన్ పెట్టేశాక నాకు క్లినిక్ గుర్తు రాలేదు, ఆ రోడ్డు గుర్తొచ్చింది. కుర్రాళ్లు నాలుగు కొసలూ పట్టిన బ్యానర్‌లో బూందీ. అందరికంటే ముందు డాక్టరమ్మ దాదాపు పరుగు. చుట్టూ జై తెలంగాణ నినాదాలు. ఆ హోరులో ఆవిడ వెనక్కి తిరిగి, “బిళ్ల పేరేంది అక్కా? గట్టిగ చెప్పు!” అని అరిచారు. మా అత్తగారు సంచిలోంచి మందు షీటు తీసి ఎండకి ఎత్తి పట్టుకున్నారు. బిళ్ల పేరునీ మోతాదునీ అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ, అచ్చమైన కృష్ణా జిల్లా గొంతుతో, నడి హైవే మీద అరుస్తూ ఆవిడ వెనకే నడిచారు.