ఏథెన్స్‌లో రోగం తగ్గినవాళ్లు

కోవిడ్ వచ్చిన మొదటి ఏడాది నేను బర్మింగ్‌హామ్‌లో ఒక ఆసుపత్రిలో నర్సుగా పనిచేస్తున్నాను. మొదటి నెలల్లోనే నాకూ సోకింది. మూడు వారాలు మేడమీద గదిలో ఒంటరిగా పడి ఉండి లేచాను. డ్యూటీల రోటాలో మళ్లీ నా పేరు పడిన రోజు పొద్దున మా ఆయన టీ కప్పు చేతికిస్తూ, "గా కోవిడ్ వార్డుకే మళ్ల పోతవా? వేరే వార్డు అడుగరాదు?" అన్నాడు.

"ఎవలో ఒకలు పోవాలె గదా" అన్నాను గానీ, బస్సులో కూర్చున్నాక వార్డు మార్చమని అడుగుదామా అని ఫోను తీసి, మళ్లీ సంచిలో పెట్టేశాను.

ఆ వార్డులో కిటికీ పక్క మంచం మీద ఒక పెద్దావిడ ఉండేది. నలభై ఏళ్లు బడిలో గ్రీకు, లాటిన్ చెప్పిన టీచర్. ముక్కుకి ఆక్సిజన్ గొట్టం. అప్పట్లో చూడ్డానికి ఎవరినీ రానిచ్చేవారు కాదు. ఒకరోజు నేను ఆవిడ తల దువ్వుతుంటే, "నీకు భయం వేయదా?" అని అడిగింది.

"నాకు వచ్చి తగ్గిందండీ."

ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఆపింది. "అయితే నీ గురించి ఎప్పుడో రాసిపెట్టారు!"

ఊపిరి కోసం ఆగి ఆగి చెప్పింది. రెండు వేల నాలుగు వందల ఏళ్ల కిందట గ్రీకుల ఏథెన్స్ నగరంలో మహమ్మారి వచ్చిందట. అది సోకి బతికిన ఒకాయన అంతా రాశాడట. ముందు పోయింది వైద్యులు. రోగుల దగ్గరికి ఎక్కువగా వెళ్లింది వాళ్లే మరి. పలకరించే దిక్కులేక ఇళ్లలో ఒంటరిగా పోయినవాళ్లున్నారు. రోగుల మీద అందరికంటే జాలి చూపింది, రోగం వచ్చి తగ్గినవాళ్లు. ఆ బాధేమిటో వాళ్లకు తెలుసు. రెండోసారి అది ప్రాణం తీయదనీ తెలుసు.

నర్సింగ్ కోసం చదివిన ఏ పుస్తకంలోనూ నా మూడు వారాలు నాకు కనిపించలేదు.

"వాళ్లకు వైరస్ అంటే తెలియదు కదా?"

"ఎందుకొచ్చిందో ఆయనకీ తెలియదు. చూసింది చూసినట్టు రాశాడు. మళ్లీ వస్తే జనం గుర్తుపట్టాలని."

భయంతో చట్టాన్ని లెక్కచేయనివాళ్లూ, పరాయివాళ్ల చితి మీద తమవాళ్ల శవాన్ని పడేసి పోయినవాళ్లూ అందులో ఉన్నారట. అదీ దాచకుండా చెప్పింది. టీచర్ కదా.

వారానికి ఆవిడకు ఆక్సిజన్ తీసేశాం. ఆరోజే ఎదుటి మంచం మీదికి ఒక బస్సు డ్రైవర్ వచ్చింది. నలభై ఏళ్లుంటాయేమో, ఫోను గుండెకు అదుముకుని ఏడుస్తోంది. నేను అటు వెళ్లబోతుంటే టీచర్ పిలిచింది.

"నా కుర్చీ అక్కడికి జరుపు."

"మీరింకా నీరసంగా ఉన్నారు."

"కూర్చోవడానికి బలమెందుకు?"

జరిపాను. ఆవిడ గ్రీకుల మాటే ఎత్తలేదు. ఆమె చెయ్యి పట్టుకుని, పిల్లలెందరు, ఏ రూటులో బస్సు నడుపుతావు అని అడుగుతూ కూర్చుంది. ఏడుపు మెల్లగా తగ్గింది. మందుల ట్రాలీ పట్టుకుని నేను అలాగే నిలబడిపోయాను.

సాయంత్రం ఇంట్లో మా ఆయనకు ఇదంతా చెప్పాను.

"అప్పట్ల గూడ నర్సులుండిరా?" అన్నాడు.

"ఉండిరి. వచ్చి తగ్గినోళ్లే నర్సులు."

రెండు రోజులకు టీచర్ ఇంటికి వెళ్లింది. ఆ తర్వాత రెండు వారాలకు ఆ డ్రైవర్ కూడా తన కాళ్ల మీద నడిచి వెళ్లింది.