ఐదో నంబరు బిళ్ళ

ముందే చెప్పేస్తున్నాను. దయ్యాలు, ఆత్మలు, పోయినవాళ్ళు తిరిగి రావడం, ఇవేవీ నేను నమ్మను. ఇది రాస్తున్నప్పుడు కూడా నమ్మడం లేదు. ఏటా ఒక నెలపాటు ఇక్కడ సింగపూర్‌లో మా బ్లాక్ కింద చైనీస్ పొరుగువాళ్ళు పోయినవాళ్ళ కోసం కాగితాలు తగలబెట్టి, పళ్ళు పెట్టి, పిల్లల్ని త్వరగా ఇంటికి రమ్మంటారు. నేను ఆ బూడిద పక్కనుంచే చెత్త సంచి పట్టుకుని వెళ్ళొస్తాను. నాకు యాభై నాలుగేళ్ళు. ఇన్నేళ్ళలో నన్ను భయపెట్టినవాళ్ళందరూ బతికున్న మనుషులే.

అయినా ఎందుకు రాస్తున్నానంటే, మా బంధువుల్లో ఈ సంగతి నాలుగు రకాలుగా తిరుగుతోంది. ఒకరు మా నాన్న ఆత్మ అంటారు. ఒకరు పందుల ఉసురు అంటారు. బూన్ లేలో ఉండే మా పిన్ని అయితే శాంతి చేయించమని పూజారి నంబరు కూడా పంపింది. నేను ఆయనకి ఫోన్ చేయలేదు, చేయను.

మేము మలేషియాలో పుట్టిన తెలుగువాళ్ళం. నాన్న పెరాక్‌లో రబ్బరు ఎస్టేటులో పనిచేశాడు. రిటైరయ్యాక సింగపూర్ సరిహద్దుకి ఆనుకున్న జొహోర్‌లో, కోట తింగి అవతల, పద్నాలుగు ఎకరాల పాత రబ్బరు తోట కొన్నాడు. నరికేసి పామాయిల్ వేస్తాడని అందరూ అనుకున్నారు. నాన్న ఏమీ వేయలేదు. తోటని అడవిలా పెరగనిచ్చాడు. చుట్టుపక్కల తోటల్లో లేత మొక్కల్ని పెకలించే అడవిపందులు పగలంతా మా పొదల్లోకి వచ్చి పడుకునేవి. లైసెన్సున్న వేటగాళ్ళని నెలకి ఒక్క ఆదివారం నాన్న లోపలికి రానిచ్చేవాడు.

వేట కోసం భూమి ఉంచుకోవడం అంటే తుపాకీ పట్టుకుని తిరగడం అనుకుంటారు. మా నాన్న జీవితంలో తుపాకీ పట్టుకోలేదు. ఆయన పనంతా కొడవలితోనే. వాగు ఒడ్డున తుపాకీలవాళ్ళు నిలబడే ఐదు చోట్ల లాలాంగ్ గడ్డి కోసి ఉంచాలి. పందులు పొర్లే బురద మడుగు ఎండిపోకుండా చూడాలి. పొరుగువాళ్ళు దొంగతనంగా పెట్టే తీగ ఉచ్చులు వెతికి పీకేయాలి. పిల్లలున్న తల్లి పందిని కొట్టినవాడికి మళ్ళీ గేటు తెరిచేది లేదు. మిగతా ఇరవై తొమ్మిది రోజులూ ఆ నేల పందులది, పక్షులది. వేట పాపమని నాకు చెప్పేవాళ్ళు ఒక్కసారి పక్కనున్న పామాయిల్ తోటలోకి వెళ్ళి ఎన్ని పిట్టలు కూస్తున్నాయో వినాలి. తర్వాత మాట్లాడదాం.

ఇక చెక్క సంగతి. మొదట్లో ఒకసారి వేటలో ఒక మనిషి కాలికి గుండు తగిలింది. ఆయన బతికాడు కానీ నాన్నకి నెల రోజులు నిద్ర లేదు. ఆ తర్వాత గేటు పక్క గుడిసెలో చెదలు పట్టని ఒక మెర్బావు చెక్క బిగించి, దానికి పన్నెండు మేకులు కొట్టాడు. డబ్బా మూతల్ని గుండ్రంగా కత్తిరించి, సుత్తీ మేకుతో నంబర్లు పొడిచి పన్నెండు బిళ్ళలు చేశాడు. లోపలికి వెళ్ళే ప్రతి మనిషీ తన బిళ్ళ మేకుకి తగిలించాలి. బయటికి వచ్చాక తనే తీయాలి. ఒక విడత వేట అయ్యాక చెక్క పూర్తిగా ఖాళీ అయితే తప్ప రెండో విడత మొదలవదు. ఇక్కడ తిండి దుకాణాల హాకర్ సెంటర్లో టిష్యూ ప్యాకెట్ పెట్టి ఈ టేబుల్ మాది అని 'చోప్' చేస్తారు చూడండి, అలాగన్నమాట. బిళ్ళ ఉందంటే మనిషి ఉన్నాడు. పాత విడత మనిషి లోపల ఉంటే కొత్త విడత తుపాకీ పేలకూడదు.

మూడేళ్ళ క్రితం నాన్న ఇక్కడి ఆసుపత్రిలో పోయాడు. నేను కింద క్యాంటీన్‌కి కాఫీ కోసం వెళ్ళి వచ్చేసరికి అయిపోయింది. భూమి నాకూ, మా తమ్ముడు శేఖర్‌కీ వచ్చింది. అమ్మాలంటే ఇద్దరి సంతకాలూ కావాలి. శేఖర్ బిషాన్‌లో ఉంటాడు, బ్యాంకులో పని. పక్క పామాయిల్ కంపెనీ కొంటానంటోంది, ఇచ్చేద్దాం అంటాడు. నేను ఇవ్వనంటాను. మూడేళ్ళుగా మా ఇద్దరి మధ్య మరో మాట లేదు.

అతని వాదన ఒక్కటే. ఏదో ఒక రోజు లోపల మనిషి చస్తాడు, అప్పుడు భూమీ పోతుంది, మనం కోర్టుల చుట్టూ తిరుగుతాం అని. అది తప్పుడు వాదన కాదు. ఒక్క మనిషికి గుండు తగిలితే ఆ భూమి నా చేతిలో మిగలదని నాకూ తెలుసు. ఆ మాటకి నా దగ్గరున్న జవాబు ఆ చెక్క ఒక్కటే.

కానీ ఆ జవాబుని నేనే పాడు చేశాను. గుడిసెకి చెదలు పట్టి కూలిపోయింది. చెక్క మాత్రం చెక్కుచెదరలేదు. దాన్ని కారులో వేసుకుని సెంబవాంగ్‌లో మా ఫ్లాట్‌కి తెచ్చి, వంటింట్లో ఫ్రిజ్ పక్కన బిగించాను. షిప్‌యార్డ్ ఆఫీసులో నా ఉద్యోగం, పైగా మోకాలి ఆపరేషన్. ప్రతి నెలా బోర్డర్ దాటి వెళ్ళడం కుదరక, వేటగాళ్ళకి ఒక వాట్సాప్ గ్రూప్ పెట్టాను. లోపలికి వెళ్ళేవాడు గేటు దగ్గర తన నంబరు వేసి 'ఇన్' అని పెడతాడు, ఇక్కడ నేను బిళ్ళ తగిలిస్తాను. 'అవుట్' అని పెడితే తీస్తాను. చెక్క ఖాళీ అయ్యాక ఫోటో తీసి గ్రూపులో పెడతాను. ఆ ఫోటోనే రెండో విడతకి అనుమతి. బిళ్ళ తీసేది మనిషి కాదు, మనిషి మాట అన్న సంగతి అప్పుడు నాకు తట్టలేదు. గొప్ప ఏర్పాటు చేశానని మురిసిపోయాను కూడా.

ఆ ఆదివారం శేఖర్ మొదటిసారి వేటకి వెళ్తానన్నాడు. ఎప్పుడూ చూడకుండా అమ్మమంటున్నావు, ఒక్కసారి చూసి మాట్లాడు అని నేనే దెప్పాను. పౌరుషానికి బయల్దేరాడు. తుపాకీ లేదు, ఊరికే వెనకాల నడవడానికి. ఐదో నంబరు ఇచ్చాను.

మొదటి విడతకి ఎనిమిది మంది వెళ్ళారు. ఎనిమిది బిళ్ళలు తగిలించాను. పొద్దున తొమ్మిదిన్నర దాటాక ఒక్కొక్కరే 'అవుట్' అని పెట్టారు. 'ఐదు అవుట్' అని శేఖర్ తన ఫోన్ నుంచి తనే పెట్టాడు. రెండో విడతకి రాను, కారులో పడుకుంటాను అని కూడా రాశాడు. ఎనిమిది బిళ్ళలూ తీసి కింద స్టీలు గిన్నెలో వేశాను. ఖాళీ చెక్క ఫోటో పంపాను. ఆ ఫోటో ఇప్పటికీ గ్రూపులో ఉంది. పన్నెండు మేకులు, ఒక్క బిళ్ళ లేదు. ఎవరైనా చూసుకోవచ్చు.

స్టవ్ మీద టీ పొంగుతుంటే వెళ్ళి ఆపాను. నాలుగు అడుగుల దూరం. వెనక్కి తిరిగితే ఐదో మేకుకి ఐదో బిళ్ళ వేలాడుతోంది.

నాకు మొదట వచ్చింది భయం కాదు, నా మీద నాకే విసుగు. వయసు మీద పడుతోంది, తీశాననుకుని తీయలేదేమో అనుకున్నాను. తీసి గిన్నెలో వేశాను. అప్పుడే మా అమ్మాయి నందిని కింద కాఫీషాప్ నుంచి ప్రాటా, అంటే ఇక్కడి పరోటా, తీసుకుని వచ్చింది. సంగతి చెబితే నవ్వింది.

"అమ్మా, యూ ఫర్గాట్ లా" అంది.

ఫోన్ తీసి ఫోటో చూపించాను. చూసింది, ప్రాటా సంచి బల్ల మీద పెట్టింది. మేమిద్దరం ఒకేసారి తలెత్తాం. ఐదో బిళ్ళ మళ్ళీ మేకు మీద ఉంది. కొంచెం ఊగుతోంది కూడా. వంటింటి కిటికీ మూసి ఉంది, ఫ్యాన్ లేదు.

ఈసారి కోపం వచ్చింది. నిజంగా కోపమే. ఒక డబ్బా మూత ముక్క నా వంటింట్లో నాకు పని చెప్పడమేమిటి? బిళ్ళ లాగి నా నైటీ జేబులో వేసుకుని, జేబు మీద అరచెయ్యి నొక్కి పట్టుకున్నాను. నందినిని చెక్క వైపే చూస్తూ ఉండమన్నాను. చూస్తున్నానంది. ఫోన్ మోగింది. లిం అంకుల్. ఆయన నాన్న స్నేహితుడు, డెబ్భై దాటాయి, వేటకి పెద్ద ఆయనే. అందరూ చోట్లకి నడవబోతున్నారు, పది నిమిషాల్లో కుక్కల్ని వదులుతాం, గ్రూపులో 'ఇన్' పెట్టాం చూసుకో అన్నాడు.

సరే అనబోయాను. అరచేతి కింద జేబు చదునుగా తగిలింది. లోపల చెయ్యి పెట్టాను. ఏమీ లేదు. నందిని చెక్క వైపే చూస్తోంది, ముఖం పాలిపోయి ఉంది. నేను చెక్క వైపు చూడలేదు. చూడాల్సిన పని లేకపోయింది.

నమ్మకం లేదని చెప్పాను కదా. కానీ ఆ భూమికి ఒక నియమం ఉంది, ఇప్పుడు దానికి యజమానిని నేను. చెక్క ఖాళీగా లేదు. ఎవరు తగిలించారన్నది తర్వాత సంగతి. వేట ఆపమన్నాను.

లిం అంకుల్ మర్యాదగానే విసుక్కున్నాడు. ఫోటో నువ్వే పంపావు, అందరూ బయటే ఉన్నారు, మీ తమ్ముడు కారులో నిద్రపోతున్నాడు అన్నాడు. వెళ్ళి కారు తలుపు తెరిచి చూడమన్నాను. వెనక కుర్రకారు నవ్వడం ఫోన్లో వినపడింది. ఆడమనిషికి వేట ఏం తెలుసన్న మాట కూడా ఎవరో మలయ్‌లో అన్నారు. అననీ. తలుపు తెరవకపోతే వచ్చే నెల నుంచి ఎవరికీ గేటు తెరవనని చెప్పాను.

ఆయన నడిచి వెళ్ళిన చప్పుడు విన్నాను. కారు తలుపు చప్పుడు విన్నాను.

కారు ఖాళీగా ఉంది.

లిం అంకుల్ మూడుసార్లు హారన్ కొట్టాడు. తూటాలు తీసేయండి, లోపలున్నవాళ్ళు బయటికి రండి అని దానికి అర్థం. లోపల ఎవరి ఫోన్‌కీ సిగ్నల్ ఉండదు. నలభై నిమిషాలు నేను వంటింటి గచ్చు మీద కూర్చున్నాను. మోకాలు మడవకూడదని డాక్టర్ చెప్పింది కూడా గుర్తు లేదు. ఆ నలభై నిమిషాలూ నాకు భూమి గుర్తు రాలేదు. చిన్నప్పుడు ఎస్టేటు కూలీల లైన్ ఇళ్ళలో వాడికి నేను అన్నం తినిపించడమే గుర్తొచ్చింది.

శేఖర్ తనంతట తనే నడుచుకుంటూ బయటికి వచ్చాడు. మూడో తుపాకీ నిలబడే చోటికి ఎదురుగా, వాగు ఒడ్డున ఫెర్న్ పొదల్లో మా సరిహద్దు రాయి ఒకటి ఉంది. 'అవుట్' అని పెట్టి, అందరి కళ్ళూ తప్పించి, ఆ రాయి ఫోటో తీయడానికి మళ్ళీ లోపలికి వెళ్ళాడు. పామాయిల్ కంపెనీవాళ్ళు అడిగారట. నాకు తెలిస్తే గొడవ చేస్తానని చెప్పలేదు. వంగి, రాయి మీద మట్టి గీకుతూ ఉన్నాడు. వేసుకున్నది గోధుమరంగు టీషర్టు. కుక్కలు పందుల్ని తరిమేది సరిగ్గా ఆ పొదల్లోకే.

ఆ సాయంత్రం నేరుగా మా ఇంటికి వచ్చాడు. బూట్లకి ఇంకా బురద ఉంది. చెక్క ముందు నిలబడి, బిళ్ళని ముట్టుకోకుండా చాలాసేపు చూశాడు.

"నేను లోపల ఉన్నానని నీకెవరు చెప్పారక్కా?" అన్నాడు.

"నువ్వు మాత్రం చెప్పలేదు" అన్నాను.

కూర్చుని ఏడ్చాడు. నేనూ ఏడ్చాను, తర్వాత నోటికొచ్చినట్టు తిట్టాను. ప్రాటాలు చల్లారి గట్టిపడ్డాయి, అవే తిన్నాం.

నాన్నే కాపాడాడని పిన్ని అంటుంది. నేను ఒప్పుకోను. బిళ్ళ తగిలించగలిగినవాడు మూడేళ్ళలో నాతో ఒక్క మాట చెప్పి ఉండొచ్చు కదా. నేను కాఫీ కోసం కిందికి వెళ్ళిన ఆ పది నిమిషాలు ఆగి ఉండొచ్చు కదా. కొడుకు కోసం రాగలిగి, నా కోసం రాలేదంటే ఆ లెక్క నాకు వద్దు. అందుకే అది నాన్న కాదు. నందినిని అడిగితే ఆ సంగతి మాట్లాడదు. బిళ్ళ మేకు మీదికి వెళ్ళడం తను చూసిందో, రెప్ప వేసిందో ఇంతవరకూ చెప్పలేదు.

శేఖర్ అమ్మకం మాట ఎత్తడం మానేశాడు. కంపెనీవాళ్ళు సరైన ధర ఇవ్వలేదు, అంతకు మించి ఏమీ లేదంటాడు. పోనీ, అలాగే అననీ. ఇద్దరం కలిసి గుడిసె మళ్ళీ కట్టిస్తున్నాం, ఈసారి ఇనుప స్తంభాలతో. పైకప్పు పడ్డాక చెక్క అక్కడికి వెళ్ళిపోతుంది. ఇప్పుడు నెలనెలా గడ్డి కోయించడానికి వెళ్ళేది వాడే. 'అవుట్' అన్న మెసేజ్ నాకు చెల్లదు. గేటు బయట నిలబడి ఫోన్ చేసి, గొంతు వినిపిస్తేనే బిళ్ళ తీస్తాను.

తీశాక నాలుగు అడుగులు వేసి స్టవ్ దగ్గరికి వెళ్తాను. కాసేపు చెక్కకి వీపు పెట్టి నిలబడతాను. నేను నమ్మను, ఎవరు చెప్పినా నమ్మను. కానీ ఖాళీ చెక్క ఫోటో పంపే ముందు ప్రతిసారీ వెనక్కి తిరిగి మళ్ళీ ఒకసారి చూస్తాను.