సుద్ద గుర్తులు తగ్గిన ఏడాది

షెడ్డులో ఆయన్ని అందరూ చెవుల మేస్త్రి అనేవారు. ఆ పేరు పెట్టిన ఘనుడు సొంత బావమరిదే. మేస్త్రికి పెళ్ళైన కొత్తలో అత్తవారింటి పెరట్లో ఇత్తడి బిందె జారి పడితే, ఆయన గదిలో కూర్చునే "అడుగున బీట వేసింది, చూసుకోండి" అన్నాడట. చూస్తే వెంట్రుకంత బీట. బావమరిది మర్నాటికల్లా ఆ పేరు వీధంతా చాటించాడు. పైకి విసుక్కునేవాడు గానీ, ఆ పేరంటే మేస్త్రికి లోలోపల మహా ముచ్చట. తర్వాత ఆ బావమరిదే అదే షెడ్డులో డ్రైవరయ్యాడు. దాంతో ఇంట్లో పడే వేళాకోళం చాలదన్నట్టు డ్యూటీలోనూ పడాల్సి వచ్చింది.

మేస్త్రి పని ఆవిరి ఇంజన్ల ఫైర్‌బాక్సులు పరీక్షించడం. బొగ్గు మండే ఆ ఇనప గదికి గోడలు రెండు పొరలు. పొరల మధ్య బెత్తెడు సందులో నీళ్ళు మరుగుతుంటాయి. ఆవిరి ఆ రెండు పొరల్నీ విడదీయాలని క్షణం ఊపిరి పీల్చుకోకుండా తోస్తూనే ఉంటుంది. వాటిని కలిపి పట్టి ఉంచేవి బొటనవేలు లావు కడ్డీలు. స్టేలు అంటారు. ఒక్కో ఇంజన్లో ఎనిమిది వందలకు పైనే. ఒకటి విరిగితే పైకి ఏమీ తెలియదు. రెండు చివర్లూ గోడలకే అంటుకుని ఉంటాయి, నడుము మాత్రం నీళ్ళలో తెగి ఉంటుంది. విరిగినప్పుడు ఆవిరి చిమ్మి బయటపెట్టడానికి వాటికి సన్నటి బెజ్జాలు పెట్టారు నిజమే. కానీ ఉప్పునీటి గార పట్టి అవి ఎప్పుడో పూడుకుపోయాయి. ఒకటి తెగితే దాని బరువు పక్కదాని మీద, అదీ తెగితే ఆ పక్కదాని మీద. అలా మోసి మోసి, ఒక రోజు వరసకు వరస చేతులెత్తేస్తుంది.

అందుకని పదిహేను రోజులకోసారి ఇంజను చల్లార్చి, బాయిలర్ కడిగాక, మేస్త్రి బొగ్గు వేసే తలుపులోంచి లోపలికి పాకేవాడు. చేతిలో దీపం, చిన్న సుత్తి, జేబులో సుద్దముక్క. ఒక్కో స్టే తల మీద ఒక్కో దెబ్బ. బాగున్నది టంగుమంటుంది. విరిగింది డబ్బుమంటుంది. డబ్బుమన్నదాని మీద ఇంటూ గుర్తు పెడితే, అది మార్చేదాకా ఇంజను కదలడానికి వీల్లేదు.

ఈ విద్య ఆయన ఒక ముసలి మేస్త్రి దగ్గర నేర్చుకున్నాడు. చేరిన రెండో ఏడు, స్టేషను దాటుతూనే ఒక ఇంజను పేలింది. బాయిలర్ గూడ్సు షెడ్డు కప్పు మీదుగా ఎగిరి అవతలి గడ్డిలో పడింది. చక్రాలు మాత్రం ఏమీ ఎరగనట్టు పట్టాల మీదే నిలబడి ఉన్నాయి. డ్రైవరు తాలూకు ఒక బూటు దొరికింది. బాయిలర్లో నీళ్ళు తగ్గింది చూసుకోకుండా నడిపాడని తప్పంతా ఆ చచ్చినవాడి నెత్తినే రుద్దారు. ముసలి మేస్త్రి ఎవరితోనూ వాదించలేదు. గడ్డిలో చతికిలబడి విరిగిన స్టేలు ఏరి రెండు కుప్పలు పోశాడు. ఒక కుప్పలో విరిగిన చోటు తళతళలాడుతోంది. రెండో కుప్పలో నల్లగా తుప్పు పట్టి ఉంది.

"మెరిసేవి ఇవాళ విరిగాయిరా. నల్లవి ఎప్పుడో విరిగాయి. వీటిని కొట్టి చూసి బాగున్నాయన్నవాణ్ణి నేనే" అన్నాడు.

నల్ల కుప్పలో పదకొండున్నాయి. ముసలాయన మళ్ళీ సుత్తి ముట్టలేదు. ఆ పదకొండింటి సంగతి పై అధికారులకు చెప్పినవాడూ లేడు. డ్రైవరు పెళ్ళాం బతికినన్నాళ్ళూ అజాగ్రత్తపరుడి పెళ్ళామనే అనిపించుకుంది.

అప్పట్నుంచీ మేస్త్రి సుద్దముక్క విషయంలో లోభితనం చూపలేదు. ఫోర్‌మన్‌కి ఆయన గుర్తులంటే ఒళ్ళు మంట. ఒక్కో గుర్తుకీ ఇంజను రోజుల తరబడి షెడ్డులో పడి ఉండేది, పైనుంచి అక్షింతలు ఫోర్‌మన్‌కి పడేవి. నీ చేతికి సుద్ద ఇవ్వడం నాది బుద్ధి తక్కువని ఆయన ఎన్నిసార్లు తిట్టాడో లెక్కలేదు. మేస్త్రి చలించేవాడు కాదు. ఏ ఇంజన్లో ఎన్ని గుర్తులు పెట్టాడో ఒక చిన్న పుస్తకంలో రాసుకుని ఇంటికి పోయేవాడు.

అలాంటిది ఆ ఏడాది ఫోర్‌మన్ మొహం వికసించింది. గుర్తులు నెలనెలా తగ్గుతున్నాయి. ఇంజన్లు చెప్పిన వేళకు బయటికి పోతున్నాయి. బాయిలర్లు శుభ్రంగా కడిగిస్తున్నందుకే స్టేలు నిలుస్తున్నాయని ఫోర్‌మన్ పైకి రాశాడు. పైవాళ్ళు ఇద్దరినీ మెచ్చుకుంటూ చెరో కాగితం పంపారు. మేస్త్రి దాన్ని అద్దం కట్టించి ముందుగదిలో తగిలించాడు.

ఆ ఏడాదంతా మేస్త్రి చెవిలో ఎప్పుడూ ఏదో ఈగ ముసురుతున్నట్టు రొద ఉండేది. పెళ్ళాం వెనకనుంచి పిలిస్తే పలికేవాడు కాదు. కావాలనే పలకడం లేదనుకుని ఆవిడ సాధించేది. ఫైర్‌బాక్సులో అన్నీ ఒకేలా పలుకుతుంటే, అన్నీ బాగున్నాయనుకున్నాడు. అనుమానం రాలేదా అంటే వచ్చింది. వచ్చిన ప్రతిసారీ, చెవి కాస్త మందగిస్తే ఏం, దెబ్బ తేడా చేతికి తెలుస్తుందిలే అని సర్దిచెప్పుకున్నాడు. చెవుల మేస్త్రికి చెవుడంటే నలుగురూ నవ్వరూ?

ఒక ఆదివారం బావమరిది భోజనానికి వచ్చాడు. సాయంత్రం నాలుగింటి బండికి డ్యూటీ. ఆ ఇంజన్ని ముందురోజే మేస్త్రి పరీక్షించి, ఒక్క గుర్తూ లేకుండా వదిలాడు. ఇద్దరూ తింటుండగా మేస్త్రి భార్య బజారు నుంచి తెచ్చిన రెండు మట్టికుండలు ముందు పెట్టింది. అలవాటు ప్రకారం మేస్త్రి ఎడంచేతి వేలి కణుపుతో రెండింటినీ కొట్టి, రెండూ భేషుగ్గా ఉన్నాయన్నాడు. ఆవిడ తానూ ఒకసారి కొట్టి చూసి మొహం చిట్లించింది.

"ఇది పగిలిందండీ. డొక్కుగా మోగుతోంది, వినబళ్ళేదా?"

ఆయన మళ్ళీ కొట్టాడు. రెండూ ఒకటే. ఆవిడ ఆ కుండలో చెంబుడు నీళ్ళు పోసింది. అడుగునుంచి సన్నటి తడి గీత గచ్చు మీద పాకుతూ ఆయన పాదం దాకా వచ్చింది.

మేస్త్రి చెయ్యి కూడా కడుక్కోకుండా లోపలికి వెళ్ళి ఆ చిన్న పుస్తకం తీశాడు. ఏడాది మొదట్లో ఇంజనుకు ఇరవై రెండు. తర్వాత పంతొమ్మిది. పదమూడు. ఎనిమిది. నాలుగు. నిన్నటిది సున్న. ఇంజన్లు బాగుపడలేదు. తన చెవి పోయింది. చెవి ఎంత పోతే అంత మెచ్చుకున్నారు. ముసలి మేస్త్రి ప్రతి మాటా రెండుసార్లు అడిగి చెప్పించుకోవడం, అందరూ వయసు చాదస్తం అనుకోవడం అప్పుడు గుర్తొచ్చింది. పక్క గదిలో బావమరిది నవ్వుతున్నట్టున్నాడు. ఆ నవ్వూ ఆయనకు సరిగ్గా వినబడలేదు.

వచ్చి బావమరిది ఎదుట కూర్చున్నాడు. "ఇవాళ ఆ ఇంజనెక్కకు. నా చెవి పోయింది" అన్నాడు.

"అక్క మాట చెవిన పడకుండా ఎప్పుడో పోగొట్టుకున్నావనుకున్నా" అన్నాడు బావమరిది. అని, బావ మొహం చూసి, కలుపుతున్న ముద్ద వదిలేశాడు.

ఇద్దరూ షెడ్డుకు వెళ్ళేసరికి ఇంజను పొగలు కక్కుతోంది. ఆవిరి ఒత్తిడి చూపే ముల్లు సగం దాటింది. మేస్త్రి దాని పక్కనుంచి నడుస్తూ తనకు తెలియకుండానే ఎడంగా జరిగాడు. పాతికేళ్ళుగా దాని కడుపులో దూరినవాడు, ఇప్పుడు ఆ గోడ వంక చూడాలంటే భయపడ్డాడు. ఫోర్‌మన్ ఒక పట్టాన వినలేదు. వయసు మీద పడితే ఇలాంటి పిచ్చి భయాలు మామూలేనన్నాడు. ఇదొక్కటే కాదు, ఈ మధ్య వదిలినవన్నీ ఆపించమని మేస్త్రి ప్రాధేయపడితే, మూడు ఇంజన్లు లైను మీద ఉన్నాయి, ఒక మట్టికుండ పగిలిందని బళ్ళన్నీ ఆపమని పైకి రాయమంటావా అని ఎగతాళి చేశాడు. ఆయన రాసి పంపిన ఉత్తరాలు ఆయన మెడకే చుట్టుకునేలా ఉన్నాయి మరి.

చివరికి బావమరిది కల్పించుకున్నాడు. ఆ ఇంజను తను ఎక్కనని, ఉద్యోగం పీకేసినా సరేనని చెప్పేశాడు. వేరే డ్రైవరు లేడు. ఫోర్‌మన్ తిట్టుకుంటూ నిప్పు దింపించి, పెద్ద వర్క్‌షాపు నుంచి కొత్తగా వచ్చిన ఇంజన్ని బండికి తగిలించాడు.

బాయిలర్ చల్లారడానికి మర్నాడు మధ్యాహ్నమైంది. ఆ రాత్రి మేస్త్రి కంటిమీద కునుకు లేదు. లైను మీద ఉన్న మూడింటి నంబర్లూ వేళ్ళ మీద లెక్కపెడుతూనే తెల్లవారింది.

మధ్యాహ్నానికి బావమరిది డ్యూటీ ముగించుకుని వచ్చాడు, ఇద్దరూ ఫైర్‌బాక్సులోకి పాకారు. కొట్టేది మేస్త్రి, వినేది బావమరిది. నిన్నటి రెండు కుండలూ గుర్తున్నాయా, పగిలిన కుండ మోత వినబడితే చెప్పు, అంతకంటే నీకేం రానక్కర్లేదన్నాడు మేస్త్రి. కింది వరసలన్నీ బాగానే ఉన్నాయి. బావమరిదికి ధైర్యమొచ్చి, ఈ వయసులో నీతో ఈ బొగ్గు గుహలో కాపురమేంటి బావా అని మేలమాడాడు కూడా. ఎడమవైపు పై మూలకు వచ్చేసరికి ఆ మాటలు ఆగిపోయాయి.

"పగిలింది" అన్నాడు. పక్కది కొడితే మళ్ళీ అదే మాట. మూడోదానికీ అదే. నాలుగో దాని నుంచి తల మాత్రం ఊపుతూ వచ్చాడు. మేస్త్రి చేతికి మాత్రం ప్రతి దెబ్బా ఒకేలా తగులుతోంది. ఏడాదిపాటు నమ్ముకున్న చెయ్యి అది. ఒక్కోదాని మీదా ఇంటూ పెడుతూ పోయాడు. పై వరసలోనే పక్కపక్కన తొమ్మిది, మొత్తం పద్నాలుగు. నిన్న నాలుగింటికి ఈ గోడ ముందు, రెండడుగుల దూరంలో నిలబడి బండి నడపాల్సినవాడు ఆ తెల్లటి ఇంటూల వంకే చూస్తూ ఉండిపోయాడు.

ఫోర్‌మన్ తలుపులోంచి తల దూర్చి గుర్తులు లెక్కపెట్టాడు. తల వెనక్కి తీసుకుని టెలిగ్రాఫ్ గదికి పరిగెత్తాడు. ఆ స్థూలకాయుడు పరిగెత్తడం షెడ్డులో అదే మొదటిసారి చూశారు. అరగంటకు రెండు ఇంజన్లు ఉన్నచోటే ఆపేశామని కబురొచ్చింది. మూడోది అప్పటికే ఇక్కడికి ముందున్న చివరి స్టేషను దాటేసింది. వెనక తొమ్మిది పెట్టెల జనం. మధ్యలో ఆపే దిక్కు లేదు. నాలుగున్నరకు రావాలి.

మేస్త్రి యార్డు చివరిదాకా నడిచి పట్టాల పక్కన నిలబడ్డాడు. ఆ ఇంజను నడిపే పెద్ద డ్రైవరు షెడ్డు మొత్తానికి నోటి దురుసు మనిషి. ఇప్పుడు ఆయన మొహం గుర్తు తెచ్చుకుందామంటే మేస్త్రికి ఒక బూటే కనబడుతోంది. నాలుగున్నర అయింది. ఐదు కావస్తోంది. పని మానేసి ఒక్కొక్కరే వచ్చి ఆయన వెనక చేరారు. ఎవరూ ఆయన్ని ఒక్క మాట అనలేదు. అంటే బాగుండుననిపించింది.

ఉన్నట్టుండి అందరూ ఒకేసారి పడమటివైపు తల తిప్పారు. ఏదో వినబడింది. ఆయనకు తప్ప అందరికీ వినబడింది. పేలుడో, కూతో మేస్త్రికి తెలియలేదు. బావమరిది మొహంలోకి చూశాడు.

"కూత, బావా. బండి కూత" అన్నాడు బావమరిది, ఆయనకు ఎదురుగా వచ్చి, పెదవులు కనబడేలా.

నమ్మబుద్ధి కాలేదు. తనకు ధైర్యం చెప్పడానికి అంటున్నాడనుకున్నాడు. వంగి పట్టా మీద అరచెయ్యి ఆనించాడు. సన్నగా అదురుతోంది. అది బండి వల్లో, తన చెయ్యి వణుకో తేల్చుకోలేక చెయ్యి తీసేశాడు. మలుపులో పొగ కనబడింది. పొగ కింద ఇంజను, దాని వెనక పెట్టెలు, ఒక్కొక్కటే, తొమ్మిదీ.

ఆ ఇంజన్ని చల్లార్చి చూస్తే పదిహేడు విరిగినవి తేలాయి. అది మర్నాటి సంగతి. ఆ పూట మాత్రం ప్రయాణికులు దిగి వెళ్ళిపోయాక, ఆవిరంతా వదిలేసి నిప్పు దింపమని ఫోర్‌మన్ సైగ చేసేసరికి, పెద్ద డ్రైవరు మెట్టు మీద వేలాడుతూ మేస్త్రి వైపు వేలు చూపించి నోరు చేసుకున్నాడు. సంగతంతా ఆయనకు అప్పటికే ఎవరో ఊదేసినట్టున్నారు. మెడ నరాలు ఉబ్బేలా అరుస్తున్నాడు. ఆ బూతులకు చుట్టూ ఉన్నవాళ్ళు సిగ్గుతో తలలు దించుకున్నారు. మేస్త్రి సుత్తి తీసి ఫోర్‌మన్ చేతిలో పెట్టాడు.

"ఏమంటున్నాడు?" అని బావమరిదిని అడిగాడు.

"ఎందుకులే బావా."

"చెప్పు. నాకు వినబడటం లేదు."

బావమరిది ఒక్క తిట్టూ వదలకుండా, ఒక్క అక్షరం తగ్గించకుండా చెప్పాడు. మేస్త్రి కళ్ళు తుడుచుకుంటూ అంతా విన్నాడు. విని, మళ్ళీ మొదట్నుంచి చెప్పమన్నాడు.