మూఢంలో తీసిన కొరమేను

మా సినిమాలో దెయ్యం లేదు, కొరమేను ఉంది. చెరువులో కలిపిన ఏదో రసాయనం తాగి మనిషంత పెరిగి, గట్టు మీద నడుచుకుంటూ వచ్చి ఊళ్ళోవాళ్ళని మింగే కొరమేను. సైన్సూ భయమూ రెండూ ఉంటాయని దర్శకుడన్నాడు. రెండూ లేవని తర్వాత అందరూ అన్నారు. మాటలు రాసింది నేను. ఈ సంగతి చాలా ఏళ్ళు ఎవరికీ చెప్పలేదు.

దర్శకుడు ఏలూరులో పెళ్ళి వీడియోలు తీసేవాడు. ఉన్నది ఒక్కటే కెమెరా. ముహూర్తాలున్న రోజుల్లో అది పెళ్ళిళ్ళకి పోయేది కాబట్టి మా షూటింగు ఆషాఢంలోనూ, మూఢంలోనూ మాత్రమే జరిగేది. శుభకార్యాలు పనికిరాని రోజుల్ని ఏరి మరీ సినిమా తీసినవాళ్ళం బహుశా మేమే. గుండుగొలను దాటాక కొల్లేటి వైపు ఒక చేపల చెరువు దగ్గర మొదలుపెట్టాం. ఒక మూఢానికీ ఇంకో మూఢానికీ మధ్య ప్రభుత్వం కొల్లేటి చెరువుల గట్లు కొట్టేసింది. మా చెరువూ పోయింది. అందుకే సినిమాలో కొరమేను నీళ్ళలో మునిగి, ఎండిన బురదలోంచి పైకి లేస్తుంది. టార్పాలిన్‌తో కుట్టిన దాని ఒంటికి వెనక జిప్పు ఉండేది. అదీ కనిపిస్తుంది.

ఆ రసాయనం కలిపిన శాస్త్రవేత్త వేషం అత్తిలి పెద్దాయనది. ముప్పై ఏళ్ళపాటు పౌరాణిక నాటకాల్లో రాజులూ, ఋషులూ వేసిన మనిషి. పిలిచేవాళ్ళు తగ్గిపోయి ఇంటి దగ్గరే ఉంటున్నారు. ఇరవై రెండేళ్ళ నన్ను కూడా మీరు అనేవారు.

"నాటకం చూసినోళ్ళు పోతే మా వేషాలూ పోతాయండి. సినిమా అలా కాదు, ఉండిపోద్ది. మావోళ్ళంతా ఒక్కసారి నన్ను తెర మీద చూస్తే చాలండి నాకు," అన్నారు ఒకరోజు, గట్టు మీద తెల్లకోటు మడత పెట్టుకుంటూ.

"ఉండిపోద్దండి. నా భయమూ అదే," అన్నాను. ఆయన నవ్వారు. నేనేమన్నా నవ్వేవారు.

చావు సీనులో ఆయనకి నేను రాసిన మాట ఇది: "ఓ మత్స్యమా, నిన్ను సృష్టించిన ఈ చేతులనే భుజించు." ఎగతాళికే రాశాను. ఆయన చదివి కాయితం కళ్ళకద్దుకున్నారు. "మాట బరువుగా ఉందండి," అన్నారు. అది ఎగతాళి అని చెప్పడానికి నాకు రెండు మూఢాల వ్యవధి ఉంది. చెప్పలేదు.

ఏలూరులో మొదటిరోజే సినిమా పేరు మోగిపోయింది, మేమనుకున్న తీరులో కాదు. నాలుగోరోజుకి కుర్రాళ్ళు నవ్వుకోడానికే టికెట్లు తీస్తున్నారు. ఆ వారంలోనే తాడేపల్లిగూడెంలో ఒక హాలువాళ్ళు ఉదయం ఆట ఇచ్చారు. పెద్దాయన కూతురినీ, బంధువులనీ వెంటబెట్టుకుని వచ్చి ముందు వరసల్లో కూర్చున్నారు. ఇస్త్రీ పంచె, భుజాన జరీ కండువా. నేను ఫ్రెండ్సుతో వెనక కూర్చున్నాను.

"ఒరేయ్, మాటలు అని నీ పేరే పడింది కదరా," అన్నాడు పక్కవాడు.

"ఆ పేరు ఊళ్ళో పదిమందికి ఉందిరా," అన్నాను.

చావు సీను వచ్చింది. నా మాట ఆయన గొంతులో హాలంతా నిండింది. జిప్పు కనిపించింది. ఫ్రెండ్సంతా నావైపు తిరిగారు. ఆ సినిమాకీ నాకూ సంబంధం లేదనిపించుకోవాలి. "వన్స్ మోర్" అని అరిచి, నోట్లో వేళ్ళు పెట్టి ఈల వేశాను. హాలు అందుకుంది.

మా వైపు నాటకాల్లో ఆ కేకకి ఒక మర్యాద ఉంది. జనం వన్స్ మోర్ అంటే నటుడు మళ్ళీ పాడాలి. చచ్చిపడిన పాత్రయినా సరే, లేచి దణ్ణం పెట్టి, పద్యం మళ్ళీ పాడి, మళ్ళీ చావాలి.

పెద్దాయన లేచారు. కండువా సర్దుకుని, తెరకి వీపు పెట్టి, మావైపు తిరిగి దణ్ణం పెట్టారు.

"నాన్నా, కూర్చోండి. వాళ్ళు అరిచేది అందుక్కాదు," అంటూ కూతురు కండువా చెంగు పట్టుకుంది. ఆయన మెల్లగా విడిపించుకున్నారు. వెనక తెర మీద కొరమేను ఆయన్నే నములుతుండగా చావు సీను మాట మళ్ళీ చెప్పారు, చివర రాగం తీసి. ఈలలు ఎక్కువయ్యాయి. ఆయన ఇంకోసారి దణ్ణం పెట్టారు. కూతురు వెనక్కి తిరిగింది. ఆమె చూపు వరసలన్నీ దాటుకుంటూ వచ్చి నా దగ్గర ఆగింది. నా వేళ్ళింకా నోట్లోనే ఉన్నాయి.

ఆట అయ్యాక ఆయన బయట నా చెయ్యి పట్టుకున్నారు. "మొదట అన్నది మీరే కదండీ. గొంతు పోల్చాను. మావోళ్ళందరి ముందూ..." నా చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకున్నారు. "భోజనానికి ఇంటికి రావాలి మీరు."

"పనుందండి."

"రండి," అంది కూతురు. "నాన్నగారు అడుగుతున్నారు కదా."

అత్తిలిలో, మోకాళ్ళ నొప్పులతో సినిమాకి రాలేకపోయిన ఆయన భార్య గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చుని ఉన్నారు. "హాల్లో జరిగింది మీరే చెప్పండి. నేను చెప్తే గొప్పలంటాది," అన్నారు పెద్దాయన, విస్తరి ముందు కూర్చుంటూ.

చెప్పాను. జనం ఎలా అరిచారో, ఆయన ఎలా లేచారో, అంతా. ఎక్కడా జోకు వెయ్యలేదు. ఆ పెద్దావిడ కళ్ళు తుడుచుకున్నారు. కూతురు నెయ్యిగిన్నెతో నా విస్తరి దగ్గర వంగింది.

"ఆపేశారేంటండీ. మొదట ఎవరరిచారో కూడా చెప్పండి," అంది, నావైపు చూడకుండా.