రమ్మన్న చెయ్యి

జగ్గయ్యపేట పెద్ద బజారులో అచ్చయ్య గారి భార్య వాసవాంబకు ఒకటే జబ్బు. ఎవరి చెయ్యి కదిలినా దాని అర్థం తెలుసుకోందే ఆమెకు ముద్ద దిగేది కాదు.

వాళ్ళ చిల్లర కొట్లోకి కొత్తమనిషి వస్తే సరుకు సంగతి తర్వాత. "మీ వైపు వద్దనడానికి చెయ్యెలా ఊపుతారండీ?" అని మొదలుపెట్టేది. బట్టల మూటతో వచ్చిన మార్వాడీని వదల్లేదు. పెనుగంచిప్రోలు తిరనాళ్ళకొచ్చిన అరవ గాజులాయన్నీ వదల్లేదు.

ఒకసారి పటాలంలో పనిచేసొచ్చిన డ్రైవరు బెల్లం రుచి చూసి, బాగుందని బొటనవేలు పైకెత్తాడు. "నన్నే వెక్కిరిస్తావా?" అని అచ్చయ్య బెల్లం లాక్కున్నాడు. వాసవాంబ మాత్రం డ్రైవరుకు మజ్జిగిచ్చి కూర్చోబెట్టి, పటాలం వేళ్ళ సైగలన్నీ నేర్చుకుంది.

"ఉప్పుకొచ్చినవాడికి వేళ్ళ పరీక్షేంటే?" అనేవాడు అచ్చయ్య.

"ఉప్పు రేపైనా అమ్ముకోవచ్చు. ఆయన రేపుండడుగా" అనేది.

ఆ రోజుల్లో నందిగామలోని ఒక మిషన్ ఆస్పత్రి నుంచి మార్గరెట్ అనే తెల్ల నర్సమ్మ వారానికోసారి బస్సులో వచ్చి గర్భిణీలను చూసి పోయేది. తెలుగు కూడబలుక్కుని మాట్లాడేది. ఎదురింటి సుబ్బమ్మ కోడలికి నెలలు నిండాయి. కాళ్ళూ మొహమూ వాచి, కళ్ళు మసకలు కమ్ముతున్నాయంటోంది. సుబ్బమ్మ అరుగు మీద నిలబడి నర్సమ్మను చెయ్యి ఊపి పిలిచింది. నర్సమ్మ చూసింది, గిరుక్కున వెనక్కి తిరిగి బస్టాండుకు వెళ్ళిపోయింది.

"రెక్క పడిపోయేలా పిలిచా వదినా. మొహం మాడ్చుకుని పోయింది. ఇక నా గడప తొక్కనిస్తే ఒట్టు" అంది సుబ్బమ్మ వాసవాంబతో.

"ఎలా పిలిచావో ఓసారి చూపించు."

"కోడలు అక్కడ ఆయాసపడుతుంటే నీకిదేం సరదా?"

"చూపించు వదినా."

సుబ్బమ్మ విసుగ్గా అరచెయ్యి నేలవైపు తిప్పి, వేళ్ళు తనవైపు లాగి చూపించింది. అది చూడగానే వాసవాంబ కొంగు బిగించి బస్టాండుకు పరుగెత్తింది.

బస్సు కదలబోతోంది. కిటికీ పక్కన నర్సమ్మ కళ్ళు తుడుచుకుంటోంది.

"అందరూ నన్ను పో, పో అంటున్నారు. నేను ఇంక రాను" అంది.

"ఎవరమ్మా అంది?"

మార్గరెట్ అరచెయ్యి నేలవైపు తిప్పి వేళ్ళు ఆడించింది.

"మీ దేశంలో ఇది 'పో'నా? మరి రమ్మనాలంటే?"

మార్గరెట్ అరచెయ్యి పైకి తిప్పి చూపుడువేలు వంచింది.

"అలా పిలిస్తే మా బజార్లో కొట్లాటవుతుంది తల్లీ. మాకు నీ 'పో'నే 'రా'. దిగు, కడుపుతో ఉన్న పిల్లకు బాగాలేదు" అని చెయ్యి పట్టుకుని దింపేసింది.

గుమ్మానికి అడ్డంగా సుబ్బమ్మ కూర్చుని ఉంది. వాసవాంబ ఆమె నోరు తెరవనివ్వలేదు.

"తప్పు నాది వదినా. అలా చెయ్యి ఊపితే మా ఊళ్ళో పొమ్మనడమని పోయిన వారం నేనే ఈవిడకు తప్పుగా చెప్పా."

మార్గరెట్ ఏదో అనబోతే వాసవాంబ ఆమె వేళ్ళు గట్టిగా నొక్కింది.

"నీ పిచ్చి మండిపోనూ" అని సుబ్బమ్మ పక్కకు జరిగింది. "నువ్వు లోపలికి రామ్మా."

నర్సమ్మ కోడల్ని చూసి, అప్పటికప్పుడు కారు మాట్లాడించి నందిగామ తీసుకుపోయింది. తల్లీ పిల్లా క్షేమంగా తిరిగొచ్చారు. బజారంతా వాసవాంబను ఆడిపోసుకుంది.

అచ్చయ్యకే నమ్మకం కుదరలేదు. "చేతుల విషయంలో నువ్వు పొరబడ్డమేంటే?"

"పొరబడ్డానని ఎవరన్నారు? ఎవరో ఒకరిది తప్పనకపోతే సుబ్బమ్మ గుమ్మం వదల్దు. తనది తప్పంటే అసలు వదల్దు. ఆ నర్సమ్మ చూస్తే పాపం సముద్రం దాటొచ్చింది. నాకేముంది, ఎలాగూ పిచ్చిదాన్నేగా. ఇంకాస్త అనుకుంటారు."