హారంలో మిగిలిన మూలం

హారంలో మూలం కనిపిస్తే సెనోబియా కోండోరికి ఒళ్లు మండుతుంది. లిమాలో యూనివర్సిటీ ప్రవేశ పరీక్షకు తర్ఫీదిచ్చే అకాడమీలో ఆల్జీబ్రా చెప్పీ చెప్పీ జుట్టు నెరిసింది గానీ ఆ మంట చల్లారలేదు. వర్గమూలం పక్కన ఘనమూలం చేరిన లెక్కలంటే మరీను. గుర్తు మార్చి ఒకసారి గుణిస్తే వర్గమూలం పోతుంది, ఘనమూలం పోదు. అక్కడే ఆపేసి పెన్ను మూసే పిల్లల్ని చెడామడా తిట్టేది.

ఆ సాయంత్రం మాత్రం కోపం పిల్లల మీద కాదు. ఆవిడ క్లాసుని అకాడమీ డైరెక్టర్ కొత్త మాస్టారు ఎడిల్బెర్తోకి కట్టబెట్టాలని చూస్తున్నాడు. ఇద్దరూ పాఠం చెప్పాలట, ఎవరు కావాలో పిల్లలు చేతులెత్తి తేల్చాలట. అంగట్లో సరుకా పాఠం?

ఎడిల్బెర్తో ముందుగా బోర్డు మీద 1/(√2 + ∛3) రాశాడు.

"మూలాలతో కుస్తీ ఎందుకర్రా? ఇది దాదాపు ఒకటి పాయింట్ నాలుగు, అదీ అంతే. కూడితే రెండు పాయింట్ ఎనిమిది. ఒకటిని దాంతో భాగించి, ఇచ్చిన ఐదు జవాబుల్లో దగ్గరగా ఉన్నదానికి టిక్కు కొట్టేసి, పోయి వేడి ఎమోలియెంతె కషాయం తాగండి!"

క్లాసు గొల్లుమంది. సెనోబియా విసురుగా లేచి, కూడిక గుర్తు చెరిపి తీసివేత పెట్టింది.

"ఇప్పుడు కొట్టు నాయనా."

"ఒకటి పాయింట్ నాలుగులోంచి ఒకటి పాయింట్ నాలుగు..." అంటూ ఎడిల్బెర్తో బోర్డు మీద తీసివేశాడు. హారంలో సున్నా వచ్చి కూర్చుంది.

"అలాంటిదొస్తే వదిలేస్తాం మిస్," అంది వెనక బెంచీ అమ్మాయి. "పరీక్షలో ఒకటేగా వచ్చేది!"

ఓటుకొచ్చేసరికి చేతులన్నీ ఎడిల్బెర్తోకే లేచాయి. వదిలేస్తారట! ఇన్నేళ్లూ గొంతు చించుకున్నది ఇందుకా? పిల్లలంతా వెళ్లిపోయాక సెనోబియా సంచీ భుజానికి తగిలించుకుంది. ఎడిల్బెర్తో గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు.

"మిస్, ఆ లెక్క... తీసివేతది... నిజంగానే రాదు నాకు."

"నా క్లాసు లాక్కున్నది చాలక ఇది కూడా నేనే చెప్పాలా? సిగ్గులేదూ?"

"రేపు ఎవరైనా అడిగితే?"

సంచీ బల్ల మీద విసిరికొట్టింది.

"రాయి! కూడికతో గుణించు. వర్గమూలం పోయిందా? హారంలో రెండు మైనస్ తొమ్మిది ఘనమూలం మిగిలింది. ఇక్కడే అందరూ చేతులెత్తేస్తారు. దీనికి రెండు పదాలు చాలవు, మూడు కావాలి. ఘనాల తేడా సూత్రం. ఎనిమిదిలోంచి తొమ్మిది ఎంత?"

"ఒకటి."

"మైనస్ ఏదీ? కళ్లు ఎక్కడ పెట్టుకున్నావు? మళ్లీ చెయ్యి! మొదట్నుంచీ! రేపు నా పిల్లలకి తప్పు చెప్పావో, ఊరుకోను."