మునగ పూసిన పొద్దు

2006లో కొత్తకోడలిగా శ్రీకాకుళం నుంచి రాయ్‌పూర్ రైల్వే క్వార్టర్‌కు వచ్చిన భాగ్యశ్రీకి హిందీ ఒక్క ముక్క రాదు. భర్త రవి డ్యూటీకి వెళితే పెరట్లో మొక్కలతోనే కాలక్షేపం.

ఫాల్గుణం రాగానే పెరట్లో మునగచెట్టు తెల్లగా విరగపూసింది. ఒకరోజు పొద్దున్నే పక్కింటి ఛత్తీస్‌గఢీ ఆవిడ దులారీబాయి గోడ మీంచి కొమ్మను చూపించి, "మునగా!" అంది.

భాగ్యశ్రీ మొహం వెలిగిపోయింది. "మీరూ మునగే అంతారేటండీ?"

"హవ్, మునగా!" అంటూ దులారీబాయి నవ్వుతూ తలూపింది.

భాగ్యశ్రీ ఒడినిండా పూలు కోసిచ్చింది. మధ్యాహ్నానికల్లా ఉల్లిపాయలేసి వండిన మునగపూల కూర గోడ దాటి వచ్చింది.

సాయంత్రం అన్నంలో కలుపుకుంటూ రవి అడిగాడు. "ఎవులు వండినారే?"

"మా స్నేహితురాలు," అంది భాగ్యశ్రీ గొప్పగా.